ఒప్పుకోని వారి మీద ఆట సాగదు: బహిరంగ స్థలాల్లో పెయింట్‌బాల్ తుపాకులు, మన చట్టం

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం వినగానే చిన్నదిగా తోచవచ్చు. గాలి ఒత్తిడితో రంగు గుండును విసిరే పెయింట్‌బాల్ తుపాకీని నలుగురూ తిరిగే చోట పేల్చవచ్చా, పేలిస్తే చట్టం ఏమంటుంది అన్నదే ఆ విషయం. సముద్రం ఏటేటా ఇళ్లను, రోడ్డును కోసుకుపోతున్న ఉప్పాడలో ఆట తుపాకుల గురించి ఉపన్యాసమేమిటని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. తీరం తరిగేకొద్దీ మిగిలిన చోటు విలువ పెరుగుతుందన్నది నా జవాబు. ఇక్కడి ఇసుక మీద ఒకే పొద్దున వలలు బాగుచేసుకునేవారు, ఎండుచేపలు ఆరబోసే ఆడవాళ్లు, వేటనుంచి వచ్చిన పడవలను ఒడ్డుకు లాగేవారు, కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వచ్చిన సందర్శకులు, బడి లేని పూట పిల్లలు, అందరూ ఉంటారు. ఇందరు పంచుకునే చోట ఒకరి సరదా ఎక్కడ ఆగాలో చెప్పే నియమం ముందే ఉండాలి. గాయం తగిలాక వెతుక్కునే నియమం ఎవరికీ అక్కరకు రాదు.

ముందు ఆ వస్తువు సంగతి. పెయింట్‌బాల్ తుపాకీ ఆట కోసం పుట్టలేదు. అమెరికాలో నరకవలసిన చెట్లకు, వేరుచేయవలసిన పశువులకు దూరం నుంచి గుర్తు పెట్టడానికి దాన్ని తయారుచేశారు. ఆడేవాళ్లు ఇప్పటికీ దాన్ని మార్కర్ అనే పిలుస్తారు. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది ఈ తుపాకులు పట్టుకుని, ఒకరి కంట ఒకరు పడకుండా జెండాలు సేకరించే పోటీ పెట్టుకున్నారు. అదే ఈ క్రీడకు తొలి ఆటగా లెక్క. ఆ రోజు గెలిచిన మనిషి అడవి పని తెలిసినవాడు, ఒక్క గుండు కూడా పేల్చకుండా గెలిచాడు. ఈ ఆటలో చురుకుదనం, కలిసి ఎత్తువేయడం, ఓపిక ఉన్నాయని నేను నమ్ముతాను. దాన్ని చెడ్డ ఆట అనడానికి నేను రాలేదు.

అయితే కొలతలు చూడాలి. సాధారణంగా వాడే గుండు వ్యాసం 0.68 అంగుళం, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. బరువు మూడు గ్రాములకు అటూ ఇటూ. ఆట మైదానాల్లో అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు. లెక్క కడితే గొట్టం దాటే వేళ ఆ గుండులో ఉండే శక్తి పన్నెండు, పదమూడు జౌళ్లు. వీపు మీద తగిలితే కమిలిన మచ్చ పడుతుంది, నాలుగు రోజుల్లో పోతుంది. కంటికి తగిలితే కథ వేరు. పెద్ద బంతి ముఖానికి తగిలినప్పుడు కనుబొమ దగ్గరి ఎముక, చెంప ఎముక దెబ్బను ఆపుతాయి. పదిహేడు మిల్లీమీటర్ల గుండు ఆ ఎముకల మధ్య ఖాళీలోంచి నేరుగా కనుగుడ్డును తాకుతుంది. లోపల రక్తం చేరడం, కటకం జారిపోవడం, రెటీనా ఊడిపోవడం వంటి గాయాలను నేత్రవైద్యులు దశాబ్దాలుగా నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ వైద్య పత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపించే సంగతి ఒకటుంది. కంటి గాయాల్లో అధికభాగం నిర్వాహకులు, నియమాలు, మాస్కులు ఉన్న మైదానాల్లో జరిగినవి కావు. పెరట్లో, వీధిలో, ఖాళీ స్థలంలో, ముఖానికి ఏ రక్షణా లేనివారికి తగిలినవి. తుపాకీ అదే, గుండు అదే, వేగం అదే. మారింది చోటు. నా వాదన మొత్తానికి ఆధారం ఈ సంగతే.

మన చట్టం ఈ వస్తువును ఎలా చూస్తుంది? 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీకి చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చింది. పేలుడు పదార్థంతో గాని మరే రూపంలోని శక్తితో గాని, ఏ రకమైన గుండునైనా విసరడానికి తయారైనదంతా ఆ నిర్వచనం కిందికి వస్తుంది. ఆట వస్తువుగా తప్ప మరోలా వాడడానికి వీలులేనివాటిని, పనికివచ్చే ఆయుధంగా మార్చలేనివాటిని అదే చట్టం ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. పెయింట్‌బాల్ తుపాకీ ఈ రెంటి నడుమ నిలబడి ఉంది. గాలి శక్తితో గుండును విసురుతుంది కాబట్టి మొదటి మాట దానికి అతుకుతుంది. ఆడుకోవడానికే అమ్ముతారు కాబట్టి రెండో మాట చెబుదామంటే, కన్ను పోగొట్టగల వస్తువును ఆటకు తప్ప దేనికీ వాడలేమని ఎవరనగలరు? 2016 ఆయుధాల నియమావళి ఎయిర్‌గన్లకు రెండు హద్దులు పెట్టింది. గుండు శక్తి 20 జౌళ్లు దాటినా, గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. ఈ తక్కెడలో పెయింట్‌బాల్ తుపాకీని పెడితే శక్తిలో హద్దుకు లోపల, వ్యాసంలో హద్దుకు దాదాపు నాలుగు రెట్లు బయట ఉంటుంది. సీసపు పెల్లెట్ కోసం రాసుకున్న కొలతలు రంగు గుండుకు ఎలా అతుకుతాయి? పోనీ, లైసెన్సు ప్రశ్న ఎటు తేలినా అది వస్తువును దగ్గర ఉంచుకోవడం గురించిన ప్రశ్న. సంత వీధిలో, బీచ్‌లో, తీర్థంలో దాన్ని గురిపెట్టవచ్చా అన్నది వేరే ప్రశ్న. దానికి దుకాణదారుడు గాని, బీట్ కానిస్టేబుల్ గాని, ఆడుకునే కుర్రాడు గాని చదివి అర్థం చేసుకోగల సూటి వాక్యం ఒకటి కావాలి.

ఆ వాక్యం రాయడానికి ఆయుధాల చట్టం కన్నా మంచి పునాది మన శిక్షాస్మృతిలోనే ఉంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 87వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ప్రాణం తీసే ఉద్దేశం, తీవ్రగాయం చేసే ఉద్దేశం లేకుండా, అలా జరగవచ్చని తెలియకుండా చేసిన పనివల్ల, పద్దెనిమిదేళ్లు నిండి, ఆ హానిని భరించడానికి ఒప్పుకున్న మనిషికి దెబ్బ తగిలితే అది నేరం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. ఉదాహరణగా సరదా కోసం కత్తిసాము చేయడానికి ఒప్పుకున్న ఇద్దరిని చూపిస్తుంది. నియమం తప్పకుండా ఆడుతుండగా తగిలే దెబ్బలకు ఇద్దరూ ఒప్పుకున్నట్టే లెక్క. కుస్తీ, కబడ్డీ, బాక్సింగ్ వంటి ఆటల వెనుక ఉన్న సూత్రం ఇదే. మైదానం లోపల పెయింట్‌బాల్ ఆట కూడా ఈ సూత్రం మీదే నిలబడుతుంది. లోపలికి వచ్చినవాడు మాస్కు పెట్టుకున్నాడు, నియమాలు విన్నాడు, తగిలితే నొప్పెడుతుందని తెలిసి వచ్చాడు. ఇప్పుడు అదే తుపాకీని ఉప్పాడ సెంటర్లో ఊహించండి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి ఏ ఆటకు ఒప్పుకుంది? షేర్ ఆటోలోంచి తల బయటపెట్టిన పసివాడు ఎప్పుడు సరేనన్నాడు? ఆడేవాళ్లిద్దరూ ఒకరికొకరు ఒప్పుకుని ఉండవచ్చు. గురి తప్పిన గుండు మూడో మనిషిని అడిగి తగలదు. పైగా ఆ సెక్షన్ పద్దెనిమిదేళ్లన్న మాట పెట్టింది. పిల్లలు తమలో తాము ఒప్పుకున్నామన్నా ఆ రక్షణ వారికి వర్తించదు. బహిరంగ స్థలం అంటేనే అక్కడ ఎవరుంటారో ముందుగా తెలియని చోటు. అందరి ఒప్పుదల తీసుకోవడం సాధ్యం కాని చోట, ఒప్పుదల మీద బతికే ఆటకు తావు ఉండదు.

ఇదంతా ఊహ అనుకోవద్దు. ఆట వస్తువు పేరుతో బజారులోకి వచ్చినది ఏం చేయగలదో 2025 దీపావళి చూపించింది. ప్లాస్టిక్ పైపుల్లో కాల్షియం కార్బైడ్, నీళ్లు కలిపి పేల్చే కార్బైడ్ గన్నులు మధ్యప్రదేశ్ పట్టణాల్లో కొద్దిపాటి డబ్బుకే దొరికాయి. భోపాల్, మరికొన్ని నగరాల ఆసుపత్రులకు కళ్లు దెబ్బతిని వచ్చినవారు వంద మందికి పైనే, వారిలో ఎక్కువమంది పిల్లలు. అధికారులు నిషేధించారు, అమ్మినవారిని పట్టుకున్నారు, అప్పటికే కొందరి చూపు పోయింది. మన దేశంలో బొమ్మలకు నాణ్యతా నియమాలు లేక కాదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మల మీద బీఐఎస్ ముద్ర తప్పనిసరి. కాని ఆ ఉత్తర్వు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మల కోసం రాసినది. క్రీడా సామగ్రి అని పేరు పెట్టి అమ్మే వస్తువు ఆ జల్లెడలో పడదు. ఒక చట్టానికి బొమ్మ కాదు, ఇంకో చట్టానికి ఆయుధం కాదు అనిపించుకునే వస్తువులన్నీ చివరికి వీధిలో తేలతాయి. ప్రాణం తీయదన్న మాటను ఎంతవరకు నమ్మాలో కశ్మీర్ కూడా చెప్పింది. 2016లో గుంపులను చెదరగొట్టడానికి వాడిన పెల్లెట్ తుపాకుల వల్ల ఎందరో చూపు కోల్పోయాక, ప్రత్యామ్నాయాలు సూచించడానికి కేంద్ర హోంశాఖ తన అధికారి టి.వి.ఎస్.ఎన్. ప్రసాద్ నాయకత్వంలో ఒక సంఘాన్ని వేయవలసి వచ్చింది. సీసపు పెల్లెట్, రంగు గుండు ఒకటి కావు, నిజమే. చంపనిదంతా హానిలేనిది అనుకునే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ తీరానికి ప్రత్యేకించిన కారణాలు మరో రెండున్నాయి. మొదటిది భద్రత. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవారు సముద్రం మీదుగా వచ్చారు. ఆనాటి నుంచి తీరం పొడవునా గస్తీ పెరిగింది, కొత్త మనిషి గాని కొత్త పడవ గాని కనిపిస్తే కబురు చేయమని మత్స్యకారులకు చెబుతూ వస్తున్నారు. పక్కనే కాకినాడ రేవు, ఎదుట సముద్రంలో చమురు, గ్యాస్ వెలికితీత. అలాంటి తీరంలో చీకటిపడే వేళ మాస్కులు తొడుక్కుని, తుపాకీ ఆకారంలో ఉన్నవి పట్టుకుని నలుగురు పరిగెత్తితే చూసినవాడు ఏమనుకోవాలి? 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో పార్కులో బొమ్మ తుపాకీతో ఉన్న పన్నెండేళ్ల బాలుణ్ని పోలీసు కాల్చాడు, మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. తుపాకీని పోలిన వస్తువు బహిరంగ స్థలంలోకి వస్తే ప్రమాదం ఎదుటివాడికే కాదు, పట్టుకున్నవాడికీ ఉంది. రెండో కారణం చేనేత. ఉప్పాడ, కొత్తపల్లి మగ్గాల మీద తయారయ్యే జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ చీర మీది పూలు ఒక్కొక్క పోగుగా చేతితో ఎక్కించినవి. ఒక్కో చీరకు వారాలు, బరువైన పనితనమైతే నెలలు పడుతుంది. రంగు గుండులోని రంగు నీటితో కడిగితే పోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆటగాడి బట్టల మాట అది. మగ్గం మీది పట్టుకు, ఆరబెట్టిన నూలుకు ఆ భరోసా ఎవరిస్తారు? ఆరబోసిన చేప మీద పడిన రంగును కడిగి అమ్మమని ఆ తల్లికి ఎవరు చెబుతారు?

ఇక అభ్యంతరాలు. హోలీ నాడు రంగులు చల్లుకోవడం లేదా, వసంతాలాడడం మన సంప్రదాయం కాదా అని కొందరు అడుగుతారు. చేతితో చల్లిన రంగుకూ సెకనుకు తొంభై మీటర్ల వేగంతో వచ్చే గుండుకూ పోలిక లేదు. వసంతంలో కూడా వద్దన్నవారి మీద రంగు పోయడం తప్పేనని ఊళ్లో పెద్దవాళ్లు ఎప్పుడూ చెబుతూనే వచ్చారు. ఈ అభ్యంతరం మీద ఇంతకన్నా ఆగనక్కరలేదు.

ఉన్న చట్టాలు చాలవా అన్నది బరువైన అభ్యంతరం. నిజమే, న్యాయ సంహిత 125వ సెక్షన్ నిర్లక్ష్యంతో ఇతరుల భద్రతకు ముప్పు తెస్తే మూడు నెలల దాకా, తీవ్రగాయమైతే మూడేళ్ల దాకా శిక్ష చెబుతోంది. కన్ను శాశ్వతంగా పోవడం తీవ్రగాయమేనని 116వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. వస్తువు పాడైతే 324వ సెక్షన్ ఉంది. కాని ఇవి జరిగిన దాన్ని తూచే చట్టాలు. ముప్పు తేవడమే నేరమన్న భాగం ఉన్నా, ఏది నిర్లక్ష్యం అన్నది ప్రతిసారీ పోలీసు, ఆపైన కోర్టు తేల్చాలి. పార్లమెంటు ఈ తేడాను 2019లోనే గుర్తించింది. పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో సంబరంగా తుపాకులు పేల్చి ప్రాణాలు తీస్తున్నారని, ఎవరికీ గాయం కాకపోయినా ఆ పేల్చడాన్నే నేరంగా పేర్కొంటూ ఆయుధాల చట్టాన్ని సవరించింది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యం గురించిన పాత సెక్షన్లు అప్పుడూ ఉన్నాయి, అయినా ఫలానా పని ఫలానా చోట చేయరాదని పేరు పెట్టి చెప్పవలసి వచ్చింది. పెయింట్‌బాల్‌కు ఆ శిక్ష ఉండాలని నేననను. ఆ పద్ధతి ఉండాలంటాను.

మరో అభ్యంతరం మన గోదావరి జిల్లాల నుంచే వస్తుంది, దాన్ని దాటవేయలేను. కోడిపందాలను చట్టం నిషేధించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, హైకోర్టు 2016 డిసెంబరులో గట్టిగా ఆదేశించింది. అయినా సంక్రాంతి మూడు రోజులూ బరులు వెలుస్తూనే ఉన్నాయి. అమలు కాని నిషేధం చట్టాన్నే చులకన చేస్తుంది కదా, ఇంకొకటి ఎందుకు? ఈ ప్రశ్నలో నిజం ఉంది. అందుకే ఆటను మొత్తంగా నిషేధించమని నేను కోరడం లేదు. పందెం వెనుక తరాల అలవాటు, కోట్ల డబ్బు, పెద్దల అండ ఉన్నాయి. పైగా ఆ మోజును తీర్చుకునే చట్టబద్ధమైన చోటంటూ లేదు. పెయింట్‌బాల్‌కు అలాంటి చోటును ఇవ్వవచ్చు. కంచె కట్టిన మైదానం ఉంటే వీధిలో ఆడనక్కరలేదు. ఆటకు చోటు చూపించి, మిగతా చోట్ల వద్దనే నియమాన్ని అమలు చేయడం పోలీసుకు తేలిక, ఆడేవాడికీ న్యాయంగా తోస్తుంది.

కొత్త నియమం వస్తే పోలీసుల చేతిలో పేద కుర్రాళ్లే బలవుతారన్న భయమూ ఉంది. ఈ భయాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. జాలరిపేట పిల్లవాడి మీద కేసు, ఖరీదైన కారులో వచ్చినవాడికి మందలింపు అన్న తీరు మనకు కొత్త కాదు. కాబట్టి మొదటిసారి తప్పుకు వస్తువును స్వాధీనం చేసుకోవడం, జరిమానాతో సరిపెట్టాలి. మైనర్ల విషయంలో తల్లిదండ్రులను పిలిచి చెప్పాలి, 2015 నాటి బాలల న్యాయ చట్టం దారిలోనే నడవాలి. అసలు భారం అమ్మేవాడి మీద, అద్దెకిచ్చేవాడి మీద పడాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి అమ్మకూడదు, గొట్టానికి తొడుగు లేకుండా అమ్మకూడదు.

ఇతర దేశాలు దాదాపు ఈ దారికే వచ్చాయి. బ్రిటన్ 2003లో, సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో ఎయిర్‌గన్‌ను గాని నకిలీ తుపాకీని గాని పట్టుకు తిరగడమే నేరమంది. జర్మనీలో 2009లో వినెండెన్ బడిలో కాల్పులు జరిగాక పెయింట్‌బాల్‌నే నిషేధించాలన్న ప్రతిపాదన వచ్చింది. చర్చ తరవాత దాన్ని విరమించుకున్నారు. పద్దెనిమిదేళ్ల వయసు, 7.5 జౌళ్ల హద్దు, తుపాకీ మీద గుర్తు అనే నియమాలతో ఆట నిలిచింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2018లో పెయింట్‌బాల్‌కు విడిగా ఒక చట్టమే చేసి, అనుమతి ఉన్న మైదానాల్లో ఆడేవారికి వయసు హద్దును సడలించింది. చోటు గట్టిగా కట్టుకున్నారు కాబట్టి వయసులో ఉదారంగా ఉండగలిగారు. అమెరికాలో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలన్న కేంద్ర చట్టం పెయింట్‌బాల్ తుపాకులను మినహాయించింది, మిగతాది రాష్ట్రాలకు, నగరాలకు వదిలేశారు. ఫలితంగా 2018 వసంతంలో, మన తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అట్లాంటాతో సహా పలు నగరాల్లో యువకులు వీధుల్లో, కార్లలోంచి పెయింట్‌బాల్ యుద్ధాలు చేశారు. నిజమైన తుపాకులు దించి వీటిని పట్టుకుందామన్న మంచి పిలుపుతోనే అది మొదలైంది. కొన్నిచోట్ల రంగు గుండుకు జవాబుగా సీసపు గుండు వచ్చింది.

మన దగ్గర ఈ పని ఎవరు చేయాలి? ఆయుధాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా ఐదో అంశం. కాబట్టి లైసెన్సు, దిగుమతి, శక్తి హద్దు వంటివి ఢిల్లీ చేతిలో ఉన్నాయి. శాంతిభద్రతలు, పోలీసు, అలాగే 33వ అంశంగా క్రీడలు, వినోదాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మైదానానికి అనుమతి, కంచె, మాస్కు, వేగం కొలిచే పరికరం, బీమా, బహిరంగ స్థలంలో వాడకం మీద నిషేధం, ఇవన్నీ ఆంధ్రప్రదేశ్ శాసనసభ సొంతంగా చేయగలిగినవే. పండగల సమయంలో జిల్లా అధికారులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధపు ఉత్తర్వు ఇవ్వవచ్చు. కాని ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా మరో ఆరు నెలలే. సంక్రాంతికి ఒకటి, హోలీకి ఒకటి, బీచ్ ఉత్సవానికి ఒకటి ఇస్తూ పోతే అది నియమం అనిపించుకోదు.

పర్యాటకం పెరగాలని, ఈ తీరంలో కుర్రాళ్లకు వేట కాక మరో బతుకుతెరువు దొరకాలని నేనూ కోరుకుంటున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న అరవై ఒక్క రోజులూ చేతిలో పని లేని ఇళ్లకు ఒక ఆట మైదానం కూడా ఆసరానే. ఆ మైదానం తీరానికి లోపలగా, ఊరికి ఎడంగా, కంచె నడుమ ఉండాలి. ఈ సభలో ఉన్న పంచాయతీ సభ్యులను, న్యాయవాదులను, ప్రజాప్రతినిధులను కోరేది ఇదే: ఈ తీరంలో సాహస క్రీడల అనుమతి కోసం తొలి దరఖాస్తు రాకముందే, బీచ్‌లో, రోడ్డు మీద, సంతలో, గుడి దగ్గర, బడి దగ్గర పెయింట్‌బాల్ తుపాకీ పేల్చరాదు, తొడుగు లేకుండా పట్టుకు తిరగరాదు అన్న తీర్మానాన్ని గ్రామసభలో ఆమోదించి, దాన్ని రాష్ట్ర చట్టంగా చేయమని ప్రభుత్వానికి పంపండి.